ఫెయిత్ రింగ్‌గోల్డ్

ఫెయిత్ రింగ్‌గోల్డ్ (1930 అక్టోబరు 8 – 2024 ఏప్రిల్ 13) అమెరికన్ నల్లజాతి చిత్రకారిణి, రచయిత్రి. పుట్టింది న్యూయార్క్‌లోని హార్లెంలో. సిటీ కాలేజీ అప్పట్లో చిత్రకళ డిగ్రీలో ఆడపిల్లలను చేర్చుకునేది కాదు. అందుకని చిత్రకళా బోధన కోర్సులో చేరి, పట్టా పుచ్చుకుని, ఏళ్ల తరబడి ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశారు. 1970లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ప్రదర్శనల్లో స్త్రీలకు సగం చోటివ్వాలని ఆందోళనకు దిగినవారిలో ఆమె ఒకరు. ఆ ఏటి శిల్ప ప్రదర్శనలో బెటీ సార్, బార్బరా చేజ్-రిబూ అనే నల్లజాతి కళాకారిణులకు చోటు దక్కింది.

మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలండ్ మహిళా జైలు కోసం పెద్ద చిత్రం గీసే పని చేపట్టారు. ముందు ఖైదీలతో మాట్లాడి, ఏం చూడాలనుందో అడిగారు. అక్కడినుంచి బయటపడే దారి చూపించమన్నారు వాళ్లు. ఎనిమిది అడుగుల చదరపు కాన్వాసును ఎనిమిది త్రికోణాలుగా విడగొట్టి బస్సు డ్రైవరు, డాక్టరు, పోలీసు, బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులు, చివరికి దేశాధ్యక్షురాలు కూడా ఆడవాళ్లే అయినట్టు గీశారు. 1988లో ఆ భవనాన్ని మగ ఖైదీలకు కేటాయించాక బొమ్మపై తెల్లరంగు పూసేశారు. జైలు ఉద్యోగి ఒకరు చొరవ తీసుకోకపోతే అది చెత్తలోకే పోయేది. తర్వాత రంగు తొలగించి బాగుచేశారు. దాన్ని బ్రూక్లిన్ మ్యూజియంకు తరలించాలని 2022లో నిర్ణయించారు.

రింగ్‌గోల్డ్‌కు ఎక్కువ పేరు తెచ్చినవి మాత్రం కథల బొంతలు. తల్లి విల్లీ పోసీ దుస్తుల డిజైనరు. 1980లో ఇద్దరూ కలిసి తొలి బొంత కుట్టారు. ఆత్మకథ అచ్చు వేయడానికి ప్రచురణకర్తలు ముందుకు రాకపోవడంతో, రాయదలచుకున్నదాన్ని బట్టమీదే బొమ్మల పక్కన రాసుకున్నారు. 1988 నాటి 'టార్ బీచ్' బొంతలో క్యాసీ అనే ఎనిమిదేళ్ల పిల్ల, పెద్దవాళ్లు మేడమీద పేకాడుతుంటే జార్జి వాషింగ్టన్ వంతెన మీదుగా ఎగురుతుంది. 1991లో ఇదే పిల్లల పుస్తకంగా వచ్చింది.

హార్లెం 125వ వీధి మెట్రో స్టేషన్ గోడల మీద 1996లో అమర్చిన ఆమె మొజాయిక్‌లోనూ అందరూ ఎగురుతూనే ఉంటారు: నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్, రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్, బాక్సర్ షుగర్ రే రాబిన్‌సన్. చూడటానికి రైలు టికెట్ చాలు.

పెద్ద మ్యూజియంలు మేల్కొనేసరికి ఆమెకు ఎనభై దాటాయి. జాతి ఘర్షణల నెత్తుటిని చూపే 1967 నాటి 'డై' చిత్రాన్ని న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం (మోమా) 2016లో సేకరించింది. 2019లో పికాసో ప్రసిద్ధ చిత్రం 'అవిన్యోన్ యువతులు' ఉన్న గదిలోనే వేలాడదీసింది. న్యూయార్క్ న్యూ మ్యూజియం ఆమె కళాజీవితమంతటినీ ఒకచోట చేర్చి ప్రదర్శించింది 2022లో. అప్పటికి ఆమెకు 91 ఏళ్లు.