సామాన్యుల ఆత్మరక్షణ పద్ధతులు

తనపైన గాని, తన వెంట ఉన్నవారిపైన గాని జరిగే దాడి నుంచి ప్రాణాన్నీ శరీరాన్నీ కాపాడుకోవడానికి చేసే ప్రతిఘటనను ఆత్మరక్షణ అంటారు. కర్రసాము, మల్లయుద్ధం, కరాటే వంటి విద్యలతో దీనికి చుట్టరికం ఉన్నప్పటికీ లక్ష్యంలో తేడా ఉంది. తాలింఖానాలో సమ ఉజ్జీలు నియమాలకు కట్టుబడి గెలుపు కోసం తలపడతారు. దారిలో దాడికి గురైన మనిషి మాత్రం తప్పించుకు పరుగెత్తేందుకు చాలినన్ని క్షణాలు సంపాదించుకుంటే చాలు.

మామూలు మనుషులకు ఇటువంటి శిక్షణ ఇవ్వడం ఆధునిక కాలంలో జపాను జుజుత్సు యూరప్ చేరిన తరువాత ఊపందుకుంది. లండన్‌లో మహిళల ఓటుహక్కు ఉద్యమకారులకు ఈ విద్య నేర్పిన ఎడిత్ గారుడ్ ఎత్తు అయిదడుగులకు లోపే. 1913లో ఆ ఉద్యమ నాయకురాలు ఎమిలీన్ పాంక్‌హర్స్ట్‌ను పోలీసుల నుంచి కాపాడేందుకు ఏర్పడిన అంగరక్షక దళం గారుడ్ దగ్గరే తర్ఫీదు పొందింది. 1930లలో బ్రాటిస్లావా వీధుల్లో యూదులపై దాడులు జరుగుతున్నప్పుడు, బాక్సింగూ కుస్తీ నేర్చిన ఇమీ లిక్టెన్‌ఫెల్డ్ వీధి కొట్లాటకు బరిలోని ఒడుపులు చాలవని గ్రహించాడు. ఆయన తరువాత రూపొందించిన క్రావ్ మగా పద్ధతి అక్కడ గడించిన అనుభవంలోంచి పుట్టింది.

ఈ పద్ధతులన్నిటిలో తొలి పాఠంగా చెప్పదగినది మణికట్టు విడిపించుకోవడం. ఎవరైనా చేయి పట్టుకున్నప్పుడు వెనక్కి గుంజుకోవడం సహజమే గాని, అలా చేస్తే బలానికి బలం ఎదురై, బలవంతుడిదే పైచేయి అవుతుంది. పట్టులో నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఒక్కటే మరోవైపు ఉంటాయి కనుక, వాటి కొసలు కలిసేచోటే ఆ పట్టుకు బలహీనత. ముంజేతిని తిప్పి దాని సన్నని అంచును ఆ సందుకు ఎదురుగా తెచ్చి, మోచేతిని ఎదుటివాడి వైపు వంచుతూ చేతిని తన భుజం మీదికి ఒక్క ఊపున లాగితే, ముంజేయి గునపంలా పనిచేసి బొటనవేలిని తెరుస్తుంది. అవతలివాడు రెండు చేతులతో పట్టుకుంటే, ఖాళీగా ఉన్న చేతిని వాడి చేతుల మధ్య నుంచి పోనిచ్చి తన పిడికిలినే అందుకుని పైకి లాగాలి.

కొట్టవలసి వస్తే పిడికిలి కంటే అరచేతి అడుగుభాగం మేలు. అలవాటు లేనివారు పిడికిలితో దవడమీదో తలమీదో గుద్దినప్పుడు తరచు విరిగేది చిటికెనవేలి వెనుక ఎముక. వైద్యులు దీన్ని బాక్సర్ల పేరుతో పిలుస్తారు గాని, నేర్చిన బాక్సర్లలో ఇది అరుదు. ముక్కు, కళ్లు, గొంతు, గజ్జలు, మోకాలు తక్కువ బలంతోనే దెబ్బ తగిలే చోట్లు. వెనుక నుంచి వాటేసుకున్నవాడిని కదిలించాలంటే ముందు మోకాళ్లు వంచి బరువు కిందికి దింపి, ఆపైన మడమతో పాదం తొక్కి, మోచేతితో పొడవాలి. గొంతు నులిమినప్పుడు మెడలోని రక్తనాళాలు నొక్కుకుపోయి సుమారు పది సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు కాబట్టి, గడ్డం దించి, భుజాలు ఎత్తి, ముందుగా పట్టు తప్పించుకోవడమే పని. కత్తి చూపినవాడు సొమ్ము అడిగితే ఇచ్చేయడమే తెలివి. సినిమాల్లో చూపే కత్తి లాక్కునే విన్యాసాలు శిక్షితులకు సైతం ప్రమాదకరమే.

శిక్షణ వల్ల ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు కెనడాలో జవాబు దొరికింది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, 12 గంటల శిక్షణ ఇవ్వజూపిన బృందంలో ఏడాదిలోగా అత్యాచారానికి గురయ్యే అవకాశం 5.2 శాతమని, కరపత్రాలు మాత్రమే అందిన బృందంలో 9.8 శాతమని తేలింది. ఆ శిక్షణలో దెబ్బలు నేర్పింది కొంత సేపే. పరిచయస్థుడి ప్రవర్తనలో ప్రమాదాన్ని పసిగట్టడం, మొహమాటాన్ని విడిచి గట్టిగా వద్దనడం మిగతా కాలాన్ని తీసుకున్నాయి. చాలా శిక్షణ శిబిరాలు విస్మరించే భాగం ఇదే.

భారతదేశంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది. ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో, 38వ సెక్షన్ ప్రకారం, ఈ హక్కు దాడి చేసినవాడి ప్రాణం తీసేవరకూ వెళ్లవచ్చు. అయితే అవసరానికి మించి హాని చేయరాదని 37వ సెక్షన్ హద్దు గీసింది. దెబ్బ పడేదాకా ఆగనక్కర లేదు. ప్రమాదం తప్పదన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు మొదలై, ఆ భయం ఉన్నంతసేపే నిలుస్తుందని 40వ సెక్షన్ చెబుతుంది. ప్రమాదం పూర్తిగా తొలగాక, పారిపోతున్నవాడిని కసితో వెంటాడి కొడితే అది నేరమే అవుతుంది.