గాయాలతోనే లేచినవాడు

మా పల్లె చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు. ఊరి చరిత్ర ఉంది. గుడి ఎవరు కట్టించారో, చెరువు ఎవరు తవ్వించారో చెప్పుకుంటారు. గుడికి రాళ్ళు మోసినోళ్ళ పేర్లు, చెరువులో మట్టి ఎత్తినోళ్ళ పేర్లు ఎవరూ చెప్పుకోరు. మావాళ్ళ పేర్లు రాతలో దొరికేది సమాధుల తోటలోనే. తడి సిమెంటు మీద మేకుతో గీసిన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద 'ప్రభువునందు నిద్రించారు' అన్న మాట. నిద్రించినవాళ్ళు లేస్తారు. ఈ నమ్మకం మావాళ్ళని ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుందో తెలుసుకోవాలని ఒంగోలు మిషను చరిత్ర తిరగేశాను.

అది దొరలతో మొదలు కాలేదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారం చేసుకునేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, తనే పల్లె పల్లె తిరిగి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు తేల్చి చెప్పారు. జాన్ క్లౌ దొర మాదిగల్నే ఎంచుకున్నాడు.

తర్వాత 1876-78ల ధాత కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. గంజి కోసం మతం మారారని మమ్మల్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. కరువు పనులు నడిచిన ఏడాది పైచిలుకు కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదన్న సంగతి మాత్రం చెప్పరు. ఆ పనులు అయిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

బాప్టిస్టుల లెక్కలో నీళ్ళలో మునగటం అంటే చావటం, పూడ్చబడటం. పైకి లేవటం అంటే పునరుత్థానం. చుట్టూ చావుల్ని చూసి, కరువు దాటి బతికొచ్చినవాళ్ళు ఏటి ఒడ్డున నిలబడి ఆ మాట ఎలా విని ఉంటారో ఆలోచించండి. వాళ్ళు చచ్చిన గొడ్డుని లాగినవాళ్ళు, పరాయి చావుకి డప్పు కొట్టినవాళ్ళు. వాళ్ళ నీడే అంటు. పోయిన జన్మలో చేసిన పాపానికి ఈ పుట్టుక అని విని విని ఉన్నారు. ఇప్పుడొకాయన వచ్చి, నీ ఒళ్ళు దేవుడు చేసిందే, మట్టిలో కలిసినా దేవుడే మళ్ళీ లేపుతాడన్నాడు. ఆత్మకి అంటు లేదని చెప్పే వేదాంతం మా వాడ గుమ్మం దాకా ఎప్పుడూ రాలేదు. ఒంటికే విలువ ఉందని చెప్పిన మాట లోపలికి వచ్చి కూచుంది.

నాకు ఇది 2021 మే నెలలో అర్థమైంది. కరోనాతో మా తమ్ముడు పోయాడు. ఆటో తోలేవాడు, ముప్పయ్యేళ్ళు కూడా లేవు. శవాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చి ముట్టుకోవద్దన్నారు. చర్చికి తేలేదు, పాట పాడలేదు, నలుగురం మట్టి చేసి వచ్చాం. అందరూ దూరం జరిగారు. మా అమ్మ గోడకి ఆనుకుని అన్న మాట ఇది: "ముట్టుకోవద్దనేది మనకి కొత్తంట్రా పెద్దోడా? నా బిడ్డనే నన్ను ముట్టుకోనీకపోవటం కొత్త." డిగ్రీ, బీఈడీ చదివి పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మరుసటేడు, 2022 ఏప్రిల్ 17న ఈస్టరు. ముందు రోజు అమ్మ తనే సమాధికి సున్నం వేసింది. పేరు నన్ను రాయమంది. అక్షరాలు రాని మనిషి, నేను రాసిన ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి చూసింది. తెల్లవారుజామున తోటంతా కొవ్వొత్తులు. "వాడు లేచినప్పుడు ముందు నేను ముట్టుకుంటా" అంది. ఏడాదిగా అన్నం సరిగ్గా తినని మనిషి ఆ రోజు కడుపునిండా తింది.

ఇదంతా మత్తుమందనీ, పరలోకం చూపించి పోరాటం మరిపిస్తారనీ ఉద్యమ మిత్రులు అంటారు. అలా మరిపించిన బోధకులూ ఉన్నారు, కాదనను. కానీ ఆ కథని మన కళ్ళతో చదవండి. సిలువ రోమా రాజ్యం బానిసలకీ తిరుగుబాటుదార్లకీ వేసిన శిక్ష. ఆ తీర్పు చెల్లదని దేవుడు కొట్టేశాడన్నదే పునరుత్థానం. లేచినవాణ్ణి ముందు చూసింది ఆడవాళ్ళు. వాళ్ళ సాక్ష్యాన్ని శిష్యులే మొదట నమ్మలేదు. లేచినాయన ఒంటి మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమా నమ్మనంటే ఆ గాయాలే చూపించాడు. లేవటం అంటే గాయం మర్చిపోవటం అని ఆ కథలో ఎక్కడా లేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి డ్రైన్లో పడేశారు. కనపడకుండా చెయ్యాలన్నదే వాళ్ళ ఉద్దేశం. మనవాళ్ళు ఆ శవాల్ని తెచ్చి ఊరి నడిబొడ్డున పూడ్చారు. అదే రక్తక్షేత్రం. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ సమాధులు మాత్రం ఊరి మధ్యనే ఉన్నాయి, రోజూ అడుగుతూనే ఉన్నాయి. పూడ్చినవాళ్ళల్లో ఏసుని నమ్మినోళ్ళుంటారు, అంబేడ్కర్‌నే నమ్మినోళ్ళుంటారు. చచ్చినవాళ్ళ పని అయిపోయిందని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. నాకు తెలిసిన ఆశ అదే.

ఇప్పుడు ఆదివారాలు మా సమాధుల తోటలో పేర్లన్నీ నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. సిమెంటు పెచ్చులూడినచోట ముసలోళ్ళని అడిగి రాసుకుంటున్నాను. ఎలా పోయారో కూడా రాస్తున్నాను: పాము కరిచి, కాన్పు కష్టమై, అప్పులకి పురుగుమందు తాగి. చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ పల్లెల్లో మీరూ రాయండి. లేచే రోజున మనవాళ్ళని పేరు పెట్టి పిలవాలి గదా.