పెట్టె కాదు బిడ్డా, ముల్లు సూడు

జర ఆ ఫోన్ పక్కకు పెట్టురా. ఏ టర్న్‌టేబుల్ కొనాలె తాతా అని అడిగినవు. అడిగినంక తాత చెప్పేదాంక ఆగాలె గదా! ఎర్రగున్నది, సూట్‌కేసు లెక్క మూతున్నది, స్పీకర్ గూడ దాంట్లనే ఉన్నదని మురుస్తున్నవు. మంచిదే. గని మంచం కింద ఆ రెండు ట్రంకుపెట్టెలల్ల ఏమేం రికార్డులున్నయో ఎరికెనా నీకు? అవి సూడకుండ మిషన్ కొనుడంటే, పెండ్లిపిల్ల ఎవరో తెల్వకముందే జాకెట్ కుట్టిచ్చినట్టు.

అందుకని ముందు రికార్డుల ముచ్చట ఇను. నువ్వు గూడ ఇటు రావే చిన్నీ, చలిగున్నది, శాలువ కప్పుకొని కూసో.

మా నాయిన నాంపల్లి స్టేషన్ల పార్సల్ ఆఫీసుల క్లర్కు. ఆ స్టేషన్ 1907ల కట్టిన్రు, నిజాం రైల్వే నాటిది. కలకత్తా దగ్గర దమ్‌దమ్‌ల గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ ఉండె. కుక్కబొమ్మ హెచ్ఎంవీ రికార్డులు అక్కడనే అచ్చువోస్తుండె. ఆ కట్టెపెట్టెలు బండి దిగినయంటే నాయిన కుర్సీల కూసోకపోతుండె. హమాలీల ఎంబడి తిరుగుకుంట "ఆహిస్తా మియా, ఆహిస్తా" అంటుండె. ఎందుకంటే ఆ కాలపు రికార్డు చెయ్యి జారిందంటే నాలుగు ముక్కలే. లాడ్‌బజార్ల గాజులు చేసేటోళ్లు బొగ్గుల మీద కాల్చి సాగదీసే లక్క సూసినవు గదా? అదే లక్కను శుద్ధి చేసి, దాంట్ల రాతిపొడి, మసి కలిపి ఒత్తిన బిళ్ల అది. బరువుంటది, పెళుసుంటది. నిమిషానికి 78 సుట్లు తిరుగుతది. ఒక దిక్కు మూడు నిమిషాలు, మహా అంటే ఇంకొంచెం. రాగం తీసుడు, పద్యం చదువుడు, ఆఖరికి ముక్తాయింపు అన్నీ అందుట్లనే అయిపోవాలె. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి అసొంటి మహానుభావులు ఆ మూడు నిమిషాలల్లనే నాటకమంత కండ్ల ముందట పెడుతుండె. బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు పాడిన లలితగీతాలు గూడ గట్లాంటి బిళ్లల మీద వచ్చినయే.

అవి పెట్టేటందుకు కీలిచ్చే గ్రామఫోన్ ఉండె. దానికి ఉక్కుపిన్నులు. చిన్న రేకుడబ్బల నిండ పిన్నులు పోసి అమ్ముతుండె. రికార్డుల ఉన్న రాతిపొడి పిన్ను మొనను అరగదీస్తుండె, అందుకని ఒక దిక్కు అయినంక పిన్ను మార్చాలె. పిసినారోళ్లు అదే పిన్నుతోని పది పాటలు కొట్టేటోళ్లు. అసొంటి ఇంట్ల రికార్డులు రెండేండ్లకే గరగర అంటుండె.

ఇగ ఎల్పీల సంగతి. 1948ల అమెరికాల కొలంబియా కంపెనోళ్లు ఎల్పీ అనే వినైల్ రికార్డు తీసిన్రు. నిమిషానికి 33 సుట్లు, మీద ఇంకో మూడో వంతు. ఒక దిక్కే ఇరవై నిమిషాల పైన పాట. మరుసటేడు ఆర్‌సీఏ వాళ్లు 45 సుట్ల చిన్న రికార్డు తెచ్చిన్రు. మన దిక్కు అవి మెల్లగ వచ్చినయి, వచ్చినంక గూడ చాన్నాళ్లు ఎల్పీలు, 78లు ఒకే దుకాణంల పక్కపక్కన కూసున్నయి. అందుకే మన పెట్టెల గూడ అన్నీ కలిసిపోయినయి.

అప్పట్ల రికార్డు కొనాలంటే అబిడ్స్ పోవాలె. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాడ ఆల్బర్ట్ ఆబిద్ అని ఖాస్ మనిషి ఉండె, ఆయన దుకాణం పేరే ఆ బజారుకంత పడ్డది. జీపీవో కాడ దిగి, తాజ్‌మహల్ హోటల్ల ఇడ్లీ తిని, రికార్డు దుకాణం గడప తొక్కితే దొరలైనట్టు ఉంటుండె మాకు. అడిగితే దుకాణదారు పెట్టి ఇనిపిస్తుండె. కొనేది ఒకటి, ఇనేది నాలుగు. ఆయనకు తెల్వదా? తెలుసు. నవ్వి ఊకుంటుండె. ఘంటసాల 1974 ఫిబ్రవరిల పోయిండు. ఆయన పాడిన భగవద్గీత ఎల్పీ ఆయన పోయినంక బయటికొచ్చింది. మీ నాయనమ్మ ఆ రికార్డును దేవుని గూట్ల పెట్టుమన్నది. "పాడేదాన్ని గూట్ల పెడితే ఎట్లనే?" అన్న నేను. ఆఖరికి అట్టకు బొట్టు పెట్టి, రికార్డు మాత్రం నాకిచ్చింది. ఇగో, ఇప్పటికీ అట్ట మీద కుంకుమ మరక ఉన్నది సూడు.

నాంపల్లిల అయితే పాట కొనేది లేకుండె, గాలిలనే ఉండె. యూసుఫైన్ దర్గాల గురువారం రాత్రి కవ్వాలీ. కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మన హైద్రాబాద్ మనిషే, 1971ల పద్మశ్రీ ఇచ్చిన్రు ఆయనకు. జనవరి వచ్చిందంటే నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్. 1938ల పబ్లిక్ గార్డెన్ల షురువై, 1946ల నాంపల్లి మైదానంలకు వచ్చింది. తప్పిపోయిన పోరగాండ్ల పేర్లు చెప్పుకుంట, నడుమ నడుమ పాటలు పెడుతుండె మైకుల.

మైకు అంటే యాదికొచ్చింది. పెండ్లిళ్లకు, గణేష్ మండపాలకు మైకుసెట్టు కిరాయికిచ్చేటోళ్లు ఉండె. పొద్దుగాల ఆరింటికి భక్తి రికార్డుతోని మొదలుపెడితే అర్ధరాత్రి దాంక అది ఆగకపోతుండె. క్యాసెట్లు వచ్చినంక వాళ్ల రికార్డులన్నీ పాత సామాన్లోళ్లకు పోయినయి, అటు నుంచి అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వచ్చినయి. ఆదివారం దుకాణాలు బందు ఉంటయి గదా, ఆ షట్టర్ల ముందట పాత పుస్తకాలు పరుస్తరు. పుస్తకాల నడుమ అప్పుడప్పుడు రికార్డుల కట్ట కనపడుతది. కనపడంగనే ఎగబడొద్దు. నేను ఎట్ల సూస్తనో చెప్త.

అట్టల నుంచి తీసి, ఎండకు ఏటవాలుగ పట్టుకోవాలె. నల్లగ నిగనిగ మెరిస్తే బతికున్నట్టు. గీతలల్ల బూడిదరంగు తేలితే ముల్లు దున్ని పారేసిందని అర్థం. ఎంత కడిగినా ఆ బూడిద పోదు. తర్వాత నడిమిట్ల లేబుల్ సూడాలె. రంధ్రం సుట్టు సన్నటి తెల్లగీతలు కనపడుతయి. రికార్డు పెట్టేటప్పుడు రంధ్రం కోసం దేవులాడిన ఇనుపకడ్డీ గీసిన గీతలవి. గీతలెక్కువుంటే అంత ఎక్కువసార్లు మోగిందన్నట్టు. లేబుల్ మీద పెయింటుతోని సౌండ్ సర్వీసు పేరుందంటే అది మైకుసెట్టు రికార్డే. అట్ట బొమ్మ బాగున్నదని గోడకు పెట్టుకుంటే పెట్టుకో, ఇనేటందుకైతే వద్దు.

రికార్డు ఎట్ల అరుగుతదో నాకు సమజ్ చేసింది ఒక ఉస్తాద్. నాంపల్లి దిక్కు గల్లీల రేడియోలు, రికార్డుప్లేయర్లు బాగుచేస్తుండె. మంచం వెడల్పు దుకాణం, దాంట్ల పైదాంక వాల్వు రేడియోలు. ఎవరన్న ప్లేయర్ తెస్తే పెట్టె దిక్కు సూడకపోతుండె. కంటికి వాచీ రిపేరోళ్ల అద్దం పెట్టుకొని, ముందు ముల్లు మొన సూస్తుండె. "పెట్టె మీకోసం సాబ్, ముల్లు రికార్డు కోసం" అంటుండె.

ఆయన చెప్పిన లెక్క ఇను. మొదటిది ముల్లు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చెయ్యి. 78 రికార్డుకు ముల్లు మొన గుండ్రం అండ్ల మూడు భాగాలుండాలె. మోనో ఎల్పీకి ఒక భాగం సాలు, స్టీరియోకైతే ముప్పావు. ఎల్పీ ముల్లు 78 మీద పెడితే అది గాడి అడుగుకు జారి దుమ్ముల దేకుతది, పాట కన్న సుయ్‌మనే సప్పుడు ఎక్కువొస్తది. 78 ముల్లు ఎల్పీ మీద పెడితే ఇగ ఆ ఎల్పీ పని ఖతం. అందుకే ఎనుకటి ప్లేయర్లల్ల చిన్న మీట ఉండె. అటు తిప్పితే 78 ముల్లు, ఇటు తిప్పితే ఎల్పీ ముల్లు. ఇప్పటి సూట్‌కేసు మిషన్లకు సాధారణంగ 78 వేగం ఉంటది గని, దానికి తగ్గ ముల్లు ఉండది. వేగం ఉన్నది గదా అని పెడుతరు, పాత రికార్డే బాగలేదని పారేస్తరు.

రెండోది బరువు. ముల్లు తొడిగే భాగాన్ని కార్ట్రిడ్జి అంటరు. ఆ చౌక మిషన్లల్ల సిరామిక్ కార్ట్రిడ్జి ఉంటది, ఐదు గ్రాములు, అంతకన్న ఎక్కువ బరువు మోపుతది రికార్డు మీద. మంచి మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జికి రెండు గ్రాములు సాలు. ముల్లును మోసే చేతికి ఎనుక భాగంల తిప్పే బరువుబిళ్ల ఉండాలె, అది తిప్పి ఎంత బరువు పడాలెనో మనమే పెట్టుకుంటం. ఆ బిళ్ల లేని మిషన్ ముట్టకు. స్పీకర్ గూడ అదే పెట్టెల ఉంటే, అది అదిరినప్పుడల్ల ముల్లు గూడ అదురుతది. స్పీకర్లు ఎప్పుడైనా ఎడంగ ఉండాలె.

మూడోది, మ్యాగ్నెటిక్ అయితే ఫోనో ప్రీయాంప్ కావాలె. రికార్డు కోసేటప్పుడు మంద్రం తగ్గిచ్చి, తారం పెంచి కోస్తరు. లేకుంటే మృదంగం దెబ్బకు గాడి పక్క గాడిలకు పోతది. 1954 నుంచి దానికి ఆర్ఐఏఏ అని ఒక లెక్క పెట్టుకున్నరు. ప్రీయాంప్ ఆ లెక్కను తిరగేసి అసలు సప్పుడు మనకిస్తది. అది లేకుండ మామూలు యాంప్లిఫయర్‌కు పెట్టినవనుకో, గొంతు పీలగ, దూరం నుంచి ఇనొస్తది.

ఇగ వేగం. దీని మీద ఒక కథ ఉన్నది. మన సుట్టపాయన ఒకాయన అమెరికా కెళ్లి మంచి టర్న్‌టేబుల్ మోసుకొచ్చిండు. అక్కడ 120 వోల్టులు, మనకాడ 230 గదా. అందుకని అబిడ్స్ల ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టిండు. మిషన్ తిరిగింది. పాట పెడితే సుశీలమ్మది మగగొంతైంది! రికార్డు పాడైందని ఒకరు, బెల్టు సాగిందని ఒకరు. ఉస్తాద్ కాడికి తీస్కపోతే ఆయన మోటర్ మీద రాసింది సదివి నవ్విండు. "ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించింది సాబ్, హెర్ట్జ్ ఎట్ల మారుస్తది?" అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతది, మనది 50 సార్లు. ఆ మోటర్ కరెంటు ఊపును బట్టే తిరిగేది. అంటే ఆరు సుట్లు తిరగాల్సిన కాడ ఐదే తిరుగుతున్నది. 33 ఏడికో పోయి 28 లోపట పడ్డది, శ్రుతి మూడు స్వరస్థానాలు దిగింది.

ఉస్తాద్ ఏం చేసిండనుకున్నవు? మోటర్ కొనకున్న చిన్న ఇత్తడి పుల్లీ ఊడదీసి, దాన్ని కొలిచి, దానికన్న ఐదో వంతు ఎక్కువ లావుతోని ఇంకోటి లేత్ మిషన్ మీద తీయించిండు. అది తొడిగినంక కాగితం మీద సుట్టూత 180 గీతలు గీసిన సక్రం ఒకటి రికార్డు పెట్టే ప్లాటర్ మీద పెట్టి, ట్యూబ్‌లైట్ కింద తిప్పిండు. మన కరెంటుకు ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మినుకుతది. వేగం 33, మూడో వంతు కరెక్టుగుంటే ఆ గీతలు కదలకుండ నిలబడ్డట్టు కనపడుతయి. తక్కువైతే ఎనుకకు పోతయి, ఎక్కువైతే ముందుకు పోతయి. గీతలు నిలబడ్డయి, సుశీలమ్మ గొంతు మళ్ల సుశీలమ్మకొచ్చింది. మీ అమ్మ అమెరికా నుంచి ఎవరితోన్నన్న తెప్పిస్తనంటే ఈ ముచ్చట చెప్పు. అడాప్టర్‌తోని నడిచే డీసీ మోటర్ దానికి ఈ బాధ ఉండది, సక్కగ తిరుగుతది. అడాప్టర్ 230కి పనిచేస్తదా అన్నది ఒక్కటి సదువుకుంటే సాలు.

మోటరే నేరుగ తిప్పే డైరెక్ట్ డ్రైవా, బెల్టుతోని తిప్పేదా అని అడుగుతవు. రెండిట్లనూ మంచివున్నయి. బెల్టు కొన్నేండ్లకు సాగుతది, మార్చుకోవాలె, అంతే. టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 అని 1972ల వచ్చింది, డైరెక్ట్ డ్రైవ్‌ల దానిదే పెద్ద పేరు. గని ఆ పేరు సూసి పాతది కొంటే 78 వేగం ఉండకపోవచ్చు. ఆడియో టెక్నికా కంపెనీ మిషన్లల్ల గూడ ఎల్పీ 60 మోడల్‌కు రెండే వేగాలు, ఎల్పీ 120కి మూడు వేగాలూ ఉన్నయి, ప్రీయాంప్ గూడ లోపట్నే ఉంటది. దాని కార్ట్రిడ్జికి 78 ముల్లు విడిగ దొరుకుతది. ముల్లు ఊడదీసి ఇంకోటి తొడుగుడు నిమిషం పని. 78 ముల్లు పెట్టినప్పుడు మాత్రం బరువు ఐదు గ్రాములకు పెంచాలె, మళ్ల ఎల్పీ ముల్లు పెట్టంగనే తగ్గించుకోవాలె.

సెకండ్ హ్యాండ్ మిషన్ సూడబోతే మన రికార్డు మనం పట్టుకపోవాలె. కొట్లాటపాట కాదు, షెహనాయో వీణో, స్వరం గుంజి పట్టి నిలబెట్టింది ఏదన్న. వేగం నిలకడ లేకుంటే ఆ స్వరం అల్లల్లాడుతది, నీ చెవికే తెలుస్తది. డప్పులు, తాళాలున్న పాటల ఆ దోషం దాక్కుంటది.

కడుగుడు సంగతి గూడ ఇప్పుడే చెప్త. వినైల్‌కు డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బట్ట. లక్క బిళ్లకు మాత్రం స్పిరిట్ చుక్క గూడ తగలనీయొద్దు, లక్క స్పిరిట్ల కరిగిపోతది. రికార్డులను ఎప్పుడూ నిలబెట్టి పెట్టాలె, మన ఏప్రిల్, మే ఎండలకు కిటికీ పక్కన పెడితే ఎల్పీ వంకర పోతది.

మిషన్ ఖరాబైతే బజార్ల ఇంకోటొస్తది. మీ ముత్తాత హమాలీల ఎంబడి తిరిగి కాపాడిన బిళ్ల ఇంకోటి రాదు. అందుకని రికార్డు తక్కువ అరిగేటట్టు తిప్పే మిషనే మంచి మిషన్, సూపుకు ఎట్లున్నా సరే. పైసలు తక్కువ పడితే పెట్టె అందంల తగ్గించుకో, ముల్లుల తగ్గించకు.

రేపు పొద్దుగాల కాగితం, పెన్ను పట్టుకొనిరా. ట్రంకుపెట్టెలు దించుదాం. 78లు ఎన్ని, 45లు ఎన్ని, ఎల్పీలు ఎన్ని, అండ్ల మోనో ఏవి, స్టీరియో ఏవి, వేరే వేరేగ రాయి. చిన్నీ, నువ్వు ఎండకు పట్టి బూడిదగీతలున్నయి పక్కకు పెట్టు. ఆ లెక్క తేలినంక ఏ మిషన్ కొనాలెనో మీరే నాకు చెప్తరు.