టికెట్టు వెనకాల లెక్క

ఆర్టీసీ బస్సు నంబరులోని 'జడ్' ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని చెబుతారు. 1932లో 27 బస్సులతో హైదరాబాద్ బస్సు సర్వీసును మొదలుపెట్టింది నిజాం రైల్వే. అంటే పుట్టినప్పుడే ఆ బస్సుకు రైలు అండ ఉంది. మన మహానగరాల చరిత్ర తిరగేస్తే నాకు పదే పదే కనబడేది ఈ అండే. టికెట్ల డబ్బుతోనే చాలాకాలం బండి లాగిన నగరం అరుదు.

బొంబాయి సంగతే చూడండి. 1874లో గుర్రాలు లాగిన ట్రాములు, 1907 నుంచి కరెంటుతో నడిచాయి. ట్రాములు నడిపే కంపెనీయే ఇళ్లకు కరెంటూ అమ్మేది. 1926లో బస్సులు వచ్చాయి. 1947లో సంస్థ మొత్తం మునిసిపాలిటీ చేతికి వచ్చింది, అదే 'బెస్ట్'. దీపం వెలిగించుకున్నవాడు బస్సెక్కినవాడి ఖర్చులో కొంత మోసేవాడు. చాలాకాలం సాగిన ఈ ఏర్పాటు తెగిపోయాక బెస్ట్ కష్టాలు మొదలయ్యాయి. సొంత బస్సులు తగ్గి అద్దె బస్సులు పెరిగాయి. జనాన్ని మళ్లీ బస్సెక్కించాలని 2019లో కనీస చార్జీని 8 రూపాయల నుంచి 5కు దించారు. 2025లో అది ఒక్కసారిగా 10 అయింది.

చార్జీ పెంచడం ఎంత ప్రమాదమో కలకత్తాకు ఏనాడో తెలుసు. 1953లో ట్రాము రెండో తరగతి టికెట్టు ఒక్క పైసా, మన పాత లెక్కలో ఏగాణీ, పెరిగింది. ట్రాములు తగలబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి, పెంపు వెనక్కి పోయింది. లండన్‌లో రిజిస్టరైన కంపెనీ లాభం కోసం మేమెందుకు కట్టాలన్న కోపం ఆ ఏగాణీ వెనక ఉంది.

హైదరాబాద్‌లో 1958లో ఆర్టీసీ ఏర్పడ్డాక అండ జిల్లాల నుంచి వచ్చింది. దూరప్రయాణాల రాబడి సిటీ నష్టాన్ని పూడ్చేది. అదీ చాలలేదు. 2019లో 52 రోజుల సమ్మె జరిగింది, ఆపైన చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్టు. దానికి నాలుగేళ్ల ముందే ఢిల్లీలో అలాంటిదే గులాబీ టికెట్టు వచ్చింది. రెండుచోట్లా ఆ డబ్బు కట్టాల్సింది ప్రభుత్వమే.

ఇక మెట్రో. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రోకు పెట్టుబడి పెట్టింది కేంద్ర, ఢిల్లీ ప్రభుత్వాలు. జపాన్ నుంచి తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి అప్పు దొరికింది. 2017లో మొదలైన మన హైదరాబాద్ మెట్రోను ప్రైవేటు కంపెనీ కట్టింది. సగానికి దగ్గరగా రాబడి మాల్స్, స్థలాల నుంచి వస్తుందనుకున్నారు. అనుకున్నట్టు రాలేదు. 2025 మేలో గరిష్ఠ చార్జీ 60 నుంచి 75కు పెంచి, జనం గోల చేశాక 69కి దించారు. అదే ఏడాది ఢిల్లీలోనూ పెరిగింది. అక్కడ 32 కిలోమీటర్లు దాటితే 64 రూపాయలు. ఇక్కడ 24 దాటితేనే 69.