పవిత్ర నేల, పేరులేని రైతు

పాలస్తీనా గొడవ మతయుద్ధమేనా అని పిల్లలు అడుగుతుంటారు. మతం ఉంది. జెరూసలేంలోని యూదుల ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. ఆలయ ప్రాకారంలో మిగిలిన పడమటి గోడ దగ్గర యూదులు నేటికీ ప్రార్థిస్తారు. ఆ గోడకు పైన, అదే గుట్ట మీద ముస్లింల అల్ అక్సా మసీదు ఉంది.

అయితే గొడవ ముదిరింది భూమి దగ్గర. 1858లో ఒట్టోమాన్ ప్రభుత్వం భూములు నమోదు చేయించుకోమంది. పన్నుకీ, సైన్యంలో పట్టుకుపోతారనీ భయపడి చాలామంది అరబ్బు రైతులు పేర్లు రాయించలేదు. షావుకార్ల పేర్లు కాగితాలకెక్కాయి. ఐరోపాలో హింసలుపడ్డ యూదులు సొంత దేశం కోసం వచ్చారు. 1917లో బ్రిటన్ వారికి మాటిచ్చింది. 1920లలో బీరూట్‌లోని సుర్సోక్ కుటుంబం మర్జ్ ఇబ్న్ ఆమిర్ లోయ భూములను యూదు సంస్థలకు అమ్మింది. దున్నుతున్నవాళ్లు ఊళ్లొదిలారు. సాగు ఉండి కాగితం లేకపోతే ఏమవుతుందో మన గూడేలకు వేరే చెప్పాలా?

తర్వాత హిట్లర్ పాలనలో 60 లక్షలమంది యూదులను చంపారు. 1947లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను విభజించమంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధంలో సుమారు 7 లక్షలమంది పాలస్తీనీయులు నిరాశ్రయులయ్యారు.

ఇద్దరికీ ఆ నేలతో బంధం ఉంది. ఒకరి కథ చెప్పి ఇంకొకరిది దాచేస్తే అది చరిత్ర పాఠం కాదు.