ఆర్పలేని అయస్కాంతం

1821లో ఫారడే పాదరసపు గిన్నెలో నిలిపిన అయస్కాంతం చుట్టూ వేలాడే తీగ ఒకటి గిరగిర తిరిగింది. విద్యుత్తు వల్ల ఎడతెగకుండా సాగిన తొలి భ్రమణం అదే. అందులో ఉన్నది శాశ్వత అయస్కాంతమే. అయినా తరువాత నూరేళ్ళకు పైగా పెద్ద మోటార్లలో దానికి చోటు దక్కలేదు. ఆనాటి ఉక్కు అయస్కాంతాలు దుర్బలమైనవి. ఎదురు క్షేత్రం తగిలితే సత్తువ కోల్పోయేవి. రైళ్ళనూ మిల్లులనూ నడిపిన మోటార్లు తీగచుట్టలతో చేసిన విద్యుదయస్కాంతాలనే నమ్ముకున్నాయి.

ఈ కొరత తీర్చడంలో జపాను శాస్త్రజ్ఞుల పాత్ర పెద్దది. 1917లో హోండా కోటారో కోబాల్టు కలిపిన ఉక్కును, 1931లో మిషిమా తోకుషిచి నికెల్, అల్యూమినియం కలిపిన ఉక్కును రూపొందించారు. 1982లో సగావా మసాతో నియోడిమియం, ఇనుము, బోరాన్ల కలయికతో అంతకు ముందెన్నడూ లేనంత బలమైన అయస్కాంతాన్ని తయారుచేశారు. ఇంచుమించు అదే సమయంలో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన జాన్ క్రోట్ వేరొక పద్ధతిలో అదే పదార్థాన్ని సాధించారు.

చిత్రమేమిటంటే, బలం పెరిగిన కొద్దీ కొత్త చిక్కు ముందుకు వచ్చింది. మోటారు టార్క్ (మెలిబలం అందామా?) తీగలో పారే కరెంటుకు అనులోమం. తీగ వేడెక్కి కాలిపోకుండా తట్టుకోగల కరెంటే దానికి హద్దు. వేగానికి హద్దు వేరు. తిరిగే అయస్కాంతం ఆ తీగలలోనే ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. 1834లో లెంజ్ చెప్పిన నియమం ఇక్కడ పనిచేస్తుంది. వేగంతో పాటు ఆ ఎదురు వోల్టేజీ పెరిగి, బ్యాటరీ ఇచ్చేదానితో సమానమయ్యాక కరెంటును లోపలికి నెట్టడం సాధ్యం కాదు. అయస్కాంతం ఎంత బలమైనదైతే ఆ గోడ అంత తక్కువ వేగంలోనే అడ్డొస్తుంది. తీగచుట్ట క్షేత్రమైతే దాని కరెంటు తగ్గించి బలహీనపరచవచ్చు. శాశ్వత అయస్కాంతాన్ని ఆర్పలేము. ఎదురు దిశలో కొంత కరెంటు పంపి దాని ప్రభావాన్ని అణచవలసిందే. ఆ కరెంటు మెలిబలానికి తోడ్పడదు, వేడిని మాత్రం పెంచుతుంది.

ఈ పెనుగులాట టయోటా ప్రియస్ కారు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1997 నాటి తొలి కారులో మోటారు 288 వోల్టుల బ్యాటరీ మీద నడిచింది. 2003లో బ్యాటరీని 201.6 వోల్టులకు తగ్గించి, ఆ వోల్టేజీని మధ్యలో 500 వోల్టుల దాకా పెంచారు. మోటారు మెలిబలం 400 న్యూటన్ మీటర్లు, గరిష్ఠ వేగం నిమిషానికి 6,000 చుట్లు. 2009లో వోల్టేజీ 650కి, వేగం 13,500 చుట్లకు చేరాయి. మెలిబలం మాత్రం 207కి దిగింది. అయినా సామర్థ్యం 50 నుంచి 60 కిలోవాట్లకు పెరిగింది. తగ్గిన మెలిబలాన్ని గేర్లు పూడ్చాయి.

వేడి కథ ఇంకా మిగిలే ఉంది. వేడెక్కిన నియోడిమియం అయస్కాంతం ఎదురు క్షేత్రానికి సులువుగా లొంగిపోతుంది. దాన్ని కాపాడేందుకు డిస్ప్రోసియం కలిపేవారు. 2010లో చైనా, జపాన్ల మధ్య వివాదం తలెత్తాక ఆ ఖనిజాల ధరలు ఆకాశాన్ని అంటాయి. 2016లో హోండా, డైడో స్టీల్ సంస్థలు డిస్ప్రోసియం అవసరంలేని అయస్కాంతాన్ని హైబ్రిడ్ కారు మోటారులోకి తెచ్చాయి.

ఇవాళ మన వీధిలో చప్పుడు లేకుండా సాగిపోయే బండ్లు అనేకం ఈ రెండు హద్దుల మధ్యనే తిరుగుతున్నాయి. ఏ హద్దును ఎంత దూరం జరపాలన్నదే ఇంజనీర్ల ముందున్న నిత్య ప్రశ్న.