పరిమితకాల బహుమతులు (ఆన్‌లైన్ ఆటలు)

పరిమితకాల బహుమతులు అనగా అంతర్జాలంలో పలువురు కలిసి ఆడే వీడియో ఆటలలో నిర్ణీత గడువు లోపల మాత్రమే సంపాదించుటకు లేదా కొనుటకు వీలున్న వస్తువులు. పాత్రల దుస్తులు, ఆయుధాలపై వేసే రంగులు, వాహనాలు, బిరుదులు మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. గడువు ముగిసిన పిమ్మట ఇవి దొరకవు, లేదా తిరిగి ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. వీటిలో అధికభాగం అలంకారానికే పరిమితం. గెలుపు ఓటములపై వీటి ప్రభావం ఉండదు. అయినప్పటికీ ఈ పద్ధతి న్యాయమా కాదా అన్న వాదం ఆటగాళ్ళ మధ్య చాలాకాలంగా ఉన్నది. ఇటీవల అది వినియోగదారుల చట్టాల పరిధిలోకి కూడా వచ్చినది.

చరిత్ర

ఈ పద్ధతికి తరచుగా చెప్పే పాత ఉదాహరణ "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" ఆటలోనిది. 2006 జనవరిలో ఈ ఆటలో అన్‌కిరాజ్ కోట ద్వారాలు తెరిచే ఘట్టం ప్రవేశపెట్టబడినది. ఒక్కొక్క సర్వరులో మొదటి ఆటగాడు గంట మోగించిన తరువాత 10 గంటల లోపల తామూ మోగించగలిగిన వారికి మాత్రమే నల్లని కీటక వాహనం లభించినది. గంట వద్దకు చేరుటకు ఎంతో శ్రమ, తోటివారి సహాయం అవసరమైనవి. కనుక ఆ వాహనం డబ్బుకు కాక శ్రమకు గుర్తుగా నిలిచినది.

డబ్బు, గడువు ఒకచోట చేరినది తరువాతి కాలంలో. 2013లో వాల్వ్ సంస్థ "డోటా 2" ప్రపంచ పోటీ సందర్భంగా ఒక కంపెండియాన్ని అమ్మి, దాని ధరలో నాలుగవ వంతు పోటీ బహుమతి నిధికి కలిపినది. 2017 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ సంస్థ "ఫోర్ట్‌నైట్" రెండవ సీజనులో "బ్యాటిల్ పాస్" ప్రవేశపెట్టినది. 2018లో "పబ్‌జీ మొబైల్" ఆటలో "రాయల్ పాస్" వచ్చినది. తెలుగునాట పలువురు విద్యార్థులకు ఈ పద్ధతి పరిచయమైనది ఈ చివరి ఆట ద్వారా.

పనిచేయు విధానం

సీజను అనగా సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల కాలం. ఆటగాడు ఇచ్చిన పనులు పూర్తిచేస్తూ ఒక్కొక్క మెట్టు ఎక్కుతాడు. ప్రతి మెట్టు వద్ద కొంత బహుమతి. ఉచిత వరుసలో బహుమతులు తక్కువ, పాస్ కొన్నవారి వరుసలో ఎక్కువ. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పాస్ కొనినంత మాత్రాన వస్తువులన్నీ చేతికి రావు. కొన్న తరువాత మళ్ళీ ఆడి సంపాదించుకొనవలెను. సీజను ముగిసేనాటికి ఎక్కని మెట్లపై ఉన్న వస్తువులు, డబ్బు చెల్లించినప్పటికీ, దక్కవు. చాలా ఆటలలో మిగిలిన మెట్లను అదనపు సొమ్ముతో కొనే వీలు ఉంటుంది. అంటే గడువు దగ్గరపడిన కొద్దీ, ఇప్పటికే చెల్లించిన సొమ్ము వృథా కాకుండుటకై మరికొంత చెల్లించవలసి వస్తుంది.

గడువు పెట్టి అమ్ముట తెలుగువారికి కొత్త కాదు. ఆషాఢమాసపు తగ్గింపు అటువంటిదే. అయితే ఆషాఢంలో కొనని చీర శ్రావణంలో ఎక్కువ ధరకైనా దొరుకుతుంది. సీజను బహుమతి ఆ తరువాత సాధారణంగా ఏ ధరకూ దొరకదు.

న్యాయాన్యాయ విచారణ

ఈ పద్ధతిని సమర్థించేవారు ముఖ్యంగా రెండు మాటలు చెబుతారు. ఆట ఉచితంగా లభించుటకు ఈ ఆదాయమే ఆధారమన్నది మొదటిది. ఒకనాడు శ్రమించి పొందిన వస్తువు తరువాత అందరికీ పంచిపెడితే ఆ శ్రమకు విలువ ఉండదన్నది రెండవది. రెండవ మాటలో బలం ఉన్నది. పోటీలో గెలిచినవారి పతకాన్ని తరువాత బజారులో అమ్మకూడదు కదా.

కాని పోటీకి అందరూ ఒకే గీత వద్ద నిలబడవలెను. గడియారం అందరికీ ఒకటే అయినా, ఆ గడియారంలో ఎవరికి ఎంత సమయం చిక్కుతుందన్నది ఒకటి కాదు. ఫోర్ట్‌నైట్ దుకాణం ప్రపంచ ప్రామాణిక సమయం అర్ధరాత్రికి మారుతుంది. భారతదేశంలో అది తెల్లవారుజామున 5:30 గంటలు. సీజనులు పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు జరిగే మార్చి నెలను చూసి ఆగవు.

కర్ణాటక సరిహద్దున గల మడకశిర ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆనాటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ కరువు పీఠభూమి నుండి వానలు లేని ఏడు కుటుంబాలు పనుల కొరకు బెంగళూరు వైపు వలస వెళ్ళుట పరిపాటి. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉండి, అది పగలు తండ్రితో పాటు పనికి వెళ్ళే ఇంటిలో, రోజువారీ పనులు పూర్తిచేయుటకు పిల్లవానికి మిగిలేది రాత్రి ఒక గంట. ప్రీపెయిడ్ పథకాలలో రోజుకు ఇచ్చే 1 లేక 2 జీబీ డేటా, కొత్త సీజనుతో పాటు వచ్చే పెద్ద అప్‌డేటుకు ఒక్కొక్కసారి చాలదు. ఇటువంటి వానికి బహుమతి తప్పిపోవుటకు కారణం నైపుణ్యం లోపించుట కాదు. నైపుణ్యానికి పెట్టిన పరీక్ష ఇక్కడ తీరికకు పెట్టిన పరీక్షగా మారుతున్నది.

భారతదేశంలో నిషేధాలు, పాస్‌లు

గడువును ఆటగాడు గాని, సంస్థ గాని కాక మూడవ పక్షం ముగించిన సందర్భాలు భారతదేశంలో సంభవించినవి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించినది. అక్టోబరు 30న భారతదేశంలో ఆట సేవలు పూర్తిగా నిలిచిపోయినవి. దాని స్థానంలో క్రాఫ్టాన్ సంస్థ 2021 జూలై 2న "బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా"ను విడుదల చేసి, పాత ఖాతాలోని వస్తువులను కొత్త ఆటకు మార్చుకొనుటకు అవకాశం కల్పించినది. ఆ అవకాశానికి కూడా గడువు ఉండుట గమనార్హం. 2022 జూలై 28న ఈ ఆట సైతం యాప్ దుకాణాల నుండి తొలగించబడి, 2023 మేలో తిరిగి వచ్చినది.

తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ళ లోపువారికి రోజుకు 3 గంటలు, ఇతరులకు 6 గంటలు అని ఆట సమయానికి పరిమితి విధించబడినది. ఆరోగ్యం దృష్ట్యా ఈ నియమం మంచిదే. అయితే మెట్ల సంఖ్య, సీజను గడువు అందరికీ ఒకటిగానే ఉన్నప్పుడు, సమయంపై పరిమితి ఉన్నవారికి పాస్ ధరలో తగ్గింపు గాని, అదనపు రోజులు గాని ఇవ్వవలెనా అన్న ప్రశ్న మిగిలి ఉన్నది.

చట్టాలు

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల అమ్మకపు ఎత్తుగడలను నిషేధిస్తూ మార్గదర్శకాలను ప్రకటించినది. ఆ పట్టికలో మొదటిది "అబద్ధపు తొందర", అనగా లేని కొరతను, లేని గడువును చూపి కొనిపించుట. నిజమైన గడువు ఈ నిర్వచనంలోకి రాదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో నెదర్లాండ్స్ ఉదంతం తెలుపుతుంది. 2024 మేలో అక్కడి వినియోగదారుల నియంత్రణ సంస్థ ఎపిక్ గేమ్స్‌కు 11,25,000 యూరోల జరిమానా విధించినది. పిల్లలను నేరుగా "ఇప్పుడే కొనండి" అని ప్రేరేపించుటతో పాటు, దుకాణంలోని గడియారం సున్నాకు చేరిన తరువాత కూడా కొన్ని వస్తువులు అమ్మకానికి ఉండుట అందుకు కారణాలు.

భారత ఒప్పందాల చట్టం 1872 ప్రకారం మైనరు ఒప్పందం చేసుకొనుటకు అర్హుడు కాడు. అటువంటి ఒప్పందం చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లో తీర్పు చెప్పినది. తెలంగాణ (2017), ఆంధ్రప్రదేశ్ (2020) రాష్ట్రాల సవరణ చట్టాలు, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం ముఖ్యంగా డబ్బు పణంగా పెట్టే ఆటలకు సంబంధించినవి.

ప్రత్యామ్నాయాలు

"హేలో ఇన్ఫినిట్" (2021), "హెల్‌డైవర్స్ 2" (2024) ఆటలలో కొన్న పాస్‌లకు గడువు లేదు. ఆటగాడు తీరిక దొరికినప్పుడు పూర్తిచేసుకొనవచ్చును. ఈ మార్గంలో సంస్థకు ఆదాయం ఉంటుంది, కొన్నవానికి నష్టం ఉండదు. వార్‌క్రాఫ్ట్‌లో 2023లో వచ్చిన "ట్రేడింగ్ పోస్ట్" వద్ద ఆటగాడు తనకు కావలసిన ఒక వస్తువును తరువాతి నెలకు నిలిపి ఉంచుకొనవచ్చును.

ఫోర్ట్‌నైట్ 2024 ఆగస్టులో మధ్యేమార్గం ఎంచుకొన్నది. ఆనాటి సీజను నుండి పాస్ వస్తువులు 18 నెలల తరువాత దుకాణంలోకి రావచ్చునని ప్రకటించినది. అంతకు ముందు పాస్‌లు కొన్నవారికి ఇచ్చిన మాట ప్రకారం, ఆ పాత వస్తువులకు ఈ నియమం వర్తించదు.